ఆధునిక బోర్డు గేములు: సమీక్ష, సేకరణల చరిత్ర

అచ్చయి పెట్టెల్లో అమ్ముడయ్యే బోర్డు గేములను కొని, నియమాలు చదివి, నలుగురితో ఆడి, వాటి గుణదోషాలను విడమరచి చెప్పడం సమీక్షకుల పని. ఆ పెట్టెలను ఒక్క పావు కూడా పోకుండా దాచడం సేకర్తల పని. ఈ రెండూ పెనవేసుకున్న వ్యాపకం 1960లలో అమెరికాలో మొలకెత్తింది. 1970ల్లో బ్రిటన్‌లోనూ పశ్చిమ జర్మనీలోనూ బలపడి, 2000 తర్వాత ప్రపంచమంతా పాకింది. వీటిని రెండు వేరువేరు అభిరుచులుగా లెక్కగట్టడం ఇప్పటి వాడుకే గాని, మొదటి తరంలో ఆ తేడా లేదు. పెద్ద సమీక్షకులే పెద్ద సేకర్తలు కూడా. బోర్డు గేమ్‌కు ఒక కర్త ఉంటాడనీ, అది ఒక రచన అనీ, పాతబడ్డాక కూడా నిలుపుకోదగ్గదనీ లోకాన్ని ఒప్పించింది వాళ్లే.

పూర్వరంగం

ఆటలను సేకరించాలన్న కోరిక పాతదే. మైసూరును ఏలిన మూడో కృష్ణరాజ ఒడయరు (1794–1868) తన శ్రీతత్త్వనిధి గ్రంథంలో కౌతుకనిధి అనే భాగాన్ని ఆటలకే కేటాయించాడు. ఇంగ్లండ్‌లో హెచ్.జె.ఆర్. మర్రే 1913లో చదరంగ చరిత్రను, 1952లో చదరంగం కాని తక్కిన బోర్డు ఆటల చరిత్రను వెలువరించాడు. న్యూకాజిల్ వైద్యుడు ఆర్.సి. బెల్ దేశదేశాల ఆటలను పోగుచేసి, వాటిని ఎలా ఆడాలో వివరిస్తూ 1960లో పుస్తకం రాశాడు. వీరందరి చూపూ ప్రాచీన ఆటల మీదే ఉండేది. ఎవరు కల్పించారో తెలియని ఆటలవి. దుకాణంలో దొరికే కొత్త ఆట గురించి రాయాలన్న ఆలోచన అప్పటికి ఎవరికీ రాలేదు. పత్రికల లెక్కలో అది బొమ్మల సామాను, క్రిస్మస్ కానుక, అంతే.

ఆ నిర్లక్ష్యం ఎంత నష్టం చేసిందో చూడాలంటే మోనోపొలీ ఒక్కటి చాలు. భూమిని గుత్తకు పట్టి అద్దెలు పిండుకునే పద్ధతి ఎంత అన్యాయమో చూపడానికి ఎలిజబెత్ మాగీ అనే అమెరికన్ మహిళ ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ను రూపొందించి 1904లో పేటెంటు పొందింది. ఆ ఆట చేతులు మారి, ఊళ్లు తిరిగి, 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ ద్వారా మోనోపొలీగా బజారులోకి వచ్చింది. కీర్తి, రాయల్టీ రెండూ చార్లెస్ డారో ఖాతాలో పడ్డాయి. మాగీకి దక్కింది 500 డాలర్లు. రాల్ఫ్ యాన్స్‌పాక్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు 1970ల్లో పార్కర్ బ్రదర్స్‌తో కోర్టులో తలపడి పాత బోర్డులు, పాత సాక్షులు వెతికేదాకా ఆమె పేరు మరుగునే ఉండిపోయింది. ఆటల మీద నిలకడగా రాసే విమర్శకులు 1935లో ఉండి ఉంటే ఆ పోలిక ఎవరి కంటా పడకుండా పోయేది కాదు.

సిడ్ శాక్సన్

ఈ వ్యాపకానికి మూలపురుషుడు అనదగ్గవాడు సిడ్ శాక్సన్ (1920–2002). న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఉండేవాడు. వృత్తిరీత్యా ఇంజనీరు. 3ఎం సంస్థ 1962 నుంచి పుస్తకాల ఆకారంలో ఉండే పెట్టెల్లో ఆటలు తెచ్చింది. బీరువాలో పుస్తకాల పక్కన నిలబెట్టి ఉంచే పెట్టెలవి. చదువుకున్న పెద్దవాళ్లు కూడా ఆటలు కొంటారన్న నమ్మకం ఆ పెట్టెల తీరులోనే కనిపిస్తుంది. అందులో శాక్సన్ రూపొందించిన ‘అక్వైర్’ (1964)ను ఇప్పటికీ ఆడుతున్నారు. హోటల్ కంపెనీలు పెరగడం, ఒకదాన్నొకటి మింగడం, ఏ కంపెనీ వాటాలు ఎప్పుడు కొనాలో బేరీజు వేసుకోవడం అందులోని ఆట.

శాక్సన్ కేవలం రూపకర్త అయితే ఈ వ్యాసంలో ఇంత చోటు అక్కర్లేదు. ఆయన ఎక్కడ కొత్త ఆట కనిపించినా తెచ్చేవాడు. మిత్రుల్ని ఇంటికి పిలిచి ఆడించేవాడు. ఎవరితో ఏ ఆట ఆడాడో, ఎవరికి ఏ ఉత్తరం రాశాడో, ఏ నియమం మార్చి చూశాడో డైరీల్లో పొందుపరిచేవాడు. 1969లో వచ్చిన ఆయన పుస్తకం ‘ఎ గ్యామట్ ఆఫ్ గేమ్స్’లో పేక ముక్కలు, కాగితం, పెన్సిలు వంటి ఇంట్లో దొరికే వస్తువులతో ఆడగలిగే 38 ఆటలున్నాయి. చరిత్ర దృష్టితో చూస్తే ఆ పుస్తకం చివరి భాగమే ఎక్కువ విలువైనది. అప్పట్లో బజారులో దొరికే ఆటల మీద చిన్నచిన్న సమీక్షలు అందులో చేర్చాడు. రెండు మూడు వాక్యాల్లో ఆట స్వభావం చెప్పి, రూపకర్త పేరు తెలిస్తే పేరు పెట్టి రాయడం అప్పటికి కొత్త పద్ధతి. ‘స్ట్రాటజీ అండ్ టాక్టిక్స్’ అనే యుద్ధక్రీడల పత్రికలోనూ ఆయన సమీక్షల శీర్షిక నడిపాడు.

ఆయన ఇంట్లో పేరుకున్న ఆటలు సుమారు 18,000 అని అంచనా. ఏ ఆటలో ఏ యుక్తి ముందుగా వచ్చిందో వెతకడానికి ఆ ఇల్లే ఒక గ్రంథాలయం. వయసు మీదపడి ఆరోగ్యం చెడ్డాక ఆ సంపద ఒక్కచోట నిలవలేదు. 2002లో మొదలైన వేలాల్లో వేలాది పెట్టెలు వేలాది చేతులకు చెదిరిపోయాయి. ఆటల చరిత్రలో ఇది నిజంగా బాధపెట్టే ఘట్టం. ఆయన డైరీలు, కాగితాలు మాత్రం న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని స్ట్రాంగ్ మ్యూజియానికి చేరాయి. 1960ల నుంచి ఆట ఎలా పుడుతుందో, ప్రచురణకర్త ఎందుకు తిప్పి పంపుతాడో తెలుసుకోవాలనుకునే వారికి వాటికి మించిన ఆధారం దొరకదు.

పశ్చిమ జర్మనీ: విమర్శకుల బహుమతి

జర్మనీలో పెద్దలు, పిల్లలు కలిసి కూచుని ఆడే అలవాటు పాతదే. రావెన్స్‌బుర్గర్ సంస్థ పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఆ ఇళ్లకు ఆటలు అందిస్తోంది. అయితే అసలు తేడా తెచ్చింది పత్రికలు. పుస్తకాలను, నాటకాలను సమీక్షించే పుటల్లోనే ఆటలకూ చోటిచ్చాయి. ‘డీ త్సైట్’ వారపత్రికలో 1960ల్లో ఆయ్‌గెన్ ఓకర్ అనే రచయిత ఆటల సమీక్షలు రాశాడు. అలా పది పదిహేనేళ్లు గడిచేసరికి ఆ దేశంలో ఆటల విమర్శకులు ఒక చిన్న గుంపుగా తయారయ్యారు. వాళ్లంతా కలిసి 1978లో ‘ష్పీల్ దెస్ యారెస్’ అనే ఏటేటి ఉత్తమ క్రీడా పురస్కారాన్ని నెలకొల్పారు. నిర్ణేతల్లో ప్రచురణ సంస్థల వాళ్లకు గాని, ఆటల రూపకర్తలకు గాని చోటులేదు. ఆటలోని ఊహ, నియమాల అమరిక, బోర్డు తీరు, చిత్రకళ చూసి ఎంపిక చేస్తారు. గెలిచిన ఆట పెట్టె మీద ఎర్ర పావు గుర్తు వేసుకోవచ్చు. ఆ గుర్తుకు ప్రచురణకర్తలు కట్టే రుసుముతోనే నిర్ణాయక సంఘం ఖర్చులు గడుస్తాయి.

1979లో తొలి బహుమతి పొందినది ఇంగ్లండుకు చెందిన డేవిడ్ పార్లెట్ రూపొందించిన ‘కుందేలు, తాబేలు’ ఆట. ఆ ఎంపికే విమర్శకుల అభిరుచి ఏమిటో చాటింది. అది పరుగుపందెం ఆట, కాని నడకకు పాచికల్లేవు. ఎన్ని గళ్లు ముందుకు పోవాలో ఆటగాడే తేల్చుకుంటాడు, దానికి తగ్గ క్యారట్లు చెల్లిస్తాడు. ఒక గడికి 1 క్యారట్, రెండు గళ్లకు 3, మూడు గళ్లకు 6, పది గళ్లకు 55. దూకే కొద్దీ ఖర్చు కొండలా పెరుగుతుంది. క్యారట్లు అయిపోతే వెనక్కి నడిచి తాబేలు గడి మీద నిలిచి మళ్లీ సంపాదించుకోవాలి. గమ్యం చేరేటప్పుడు చేతిలో ఎక్కువ క్యారట్లు మిగిలినా చేరనివ్వరు. పిల్లల కథలాంటి బొమ్మల కింద ఇంత చక్కని లెక్క దాగి ఉందని పాఠకులకు విప్పి చెప్పడమే సమీక్షకుడి పని. ఈ పార్లెట్ కూడా ‘గేమ్స్ అండ్ పజిల్స్’ అనే బ్రిటిష్ పత్రికలో రాసినవాడే. తర్వాత 1999లో బోర్డు ఆటల చరిత్రను పెద్ద గ్రంథంగా రాశాడు. 1981లో ఇదే బహుమతి శాక్సన్ రూపొందించిన ‘ఫోకస్’కు దక్కింది.

బహుమతి ప్రభావం అమ్మకాల్లో కనిపించింది. మామూలుగా కొన్ని వేల ప్రతులు అమ్ముడయ్యే ఆట బహుమతి వస్తే మూడు నుంచి అయిదు లక్షల ప్రతులు పోతుంది. ఇంత బరువు ఒక విమర్శకుల తీర్పుకు ఉండటం ఇతర కళల్లో అరుదు. దీనివల్ల తిరకాసూ ఉంది. ఇంటిల్లిపాదీ ఆడగల తేలిక ఆటలకే మొగ్గు చూపి, గట్టి ఆటల్ని పక్కన పెడుతున్నారన్న ఫిర్యాదు చాలాకాలం వినిపించింది. పిల్లల ఆటలకు 2001లో, అనుభవం ఉన్న ఆటగాళ్లకు తగిన ఆటలకు 2011లో విడి బహుమతులు పెట్టడంతో ఆ ఫిర్యాదు కొంత సద్దుమణిగింది.

అదే కాలంలో మరో రెండు సంగతులు జరిగాయి. 1983లో ఎసెన్ నగరంలో ఒక వయోజన విద్యా కేంద్రంలో ఆటల పత్రిక పాఠకులు, ప్రచురణకర్తలు కలుసుకున్న చిన్న సంత ఇప్పుడు ‘ష్పీల్’ పేరుతో ప్రతి అక్టోబరులో జరిగే మహా ప్రదర్శన అయింది. 2019లో నాలుగు రోజుల్లో రెండు లక్షలకు పైగా జనం వచ్చారు. 1988లో న్యూరెంబర్గ్ బొమ్మల ప్రదర్శనలో పదమూడు మంది రూపకర్తలు బీరు గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద ఒక తీర్మానం రాసి సంతకాలు చేశారు. తమ పేరు పెట్టె పైన అచ్చువేయని సంస్థకు ఆట ఇవ్వబోమన్నది అందులోని మాట. ఆ తర్వాత పెట్టె మీద రూపకర్త పేరు మామూలైపోయింది. సమీక్షలు ఆ పేర్లకు కథ అల్లాయి, సేకర్తలు ఆ పేర్లను బట్టి కొనడం మొదలుపెట్టారు. మాగీకి జరిగినది మరొకరికి జరగడం కష్టమైంది.

విమర్శకుల్లోంచే పెద్ద సేకరణ కూడా పుట్టింది. బహుమతి నిర్ణేతల్లో ఒకరైన బెర్న్‌వార్డ్ థోలే 1985లో మార్‌బుర్గ్‌లో జర్మన్ ఆటల భాండాగారాన్ని ఏర్పరిచాడు. సమీక్షకు వచ్చిన పెట్టెలను పారేయక, అమ్మక, వరుసగా పేర్చి ఉంచడంతో అది పెరిగింది. ప్రస్తుతం న్యూరెంబర్గ్ నగర ఆధీనంలో ఉంది, అందులో 30,000కు పైగా ఆటలున్నాయి.

కటాన్, చిన్న పత్రికలు, తర్జుమా కాగితాలు

1995లో బహుమతి అందుకున్న ‘కటాన్’ రూపకర్త క్లాస్ టాయ్‌బర్ (1952–2023) పళ్ల సెట్లు తయారుచేసే సాంకేతిక నిపుణుడు. అంతకుముందే మూడుసార్లు ఇదే బహుమతి గెలిచాడు. ఒక ద్వీపంలో ఊళ్లు కట్టడం, గొర్రెలిచ్చి ఇటుకలు తెచ్చుకోవడం, ఒకరి వంతులో అందరికీ పని ఉండటం, ఎవరూ మధ్యలో ఆట నుంచి తప్పుకోవలసిన అవసరం లేకపోవడం — ఈ గుణాలతో అది జర్మనీ దాటింది. ఇప్పటిదాకా 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

అది దాటిన తోవ మాత్రం సమీక్షకులు వేసినదే. ఇంగ్లిషు మాట్లాడే దేశాల్లో జర్మన్ ఆటల గురించి తెలిసింది మైక్ సిగ్గిన్స్ 1989లో మొదలుపెట్టిన ‘సుమో’ వంటి చిన్న పత్రికల ద్వారా, 1998 నుంచి వచ్చిన ‘కౌంటర్’ త్రైమాసిక పత్రిక ద్వారా. ఇవి పెట్టుబడి పెట్టి లాభం చూసుకునే పత్రికలు కావు. అభిమానులు ఇంట్లో కూర్చి, చందాదార్లకు తపాలాలో పంపేవి. ఆట జర్మనీ నుంచి వచ్చేది, నియమాలు జర్మన్‌లో ఉండేవి. భాష వచ్చిన అభిమాని ఒకరు తర్జుమా చేసి పంచితే, కొన్నవాళ్లు ఆ కాగితాన్ని పెట్టెలో పెట్టుకునేవారు. కార్డుల మీద తర్జుమా చీటీలు అంటించేవారు. ఆ చీటీలున్న పాత పెట్టెలను ఇప్పటి సేకర్తల్లో కొందరు పాడైనవిగా చూస్తారు. వాటి వల్ల విలువ పెరిగిందనే చెప్పాలి, ఎందుకంటే ఒక ఆట ఎవరి చేతుల మీదుగా దేశం దాటిందో చూపే సాక్ష్యం అదొక్కటే. 1996లో మేఫెయిర్ సంస్థ కటాన్‌ను ఇంగ్లిషులో తెచ్చింది. 1998లో మొదలైన రియో గ్రాండే గేమ్స్ జర్మన్ ఆటలకు ఇంగ్లిషు ప్రతులు వేయడమే పనిగా పెట్టుకుంది. దాంతో తర్జుమా కాగితాల కాలం ముగిసింది.

అంకెల తీర్పు, వీడియో తీర్పు

2000 జనవరిలో స్కాట్ ఆల్డెన్, డెర్క్ సోల్కో ప్రారంభించిన బోర్డ్‌గేమ్‌గీక్ ఇప్పుడు లక్షకు పైగా ఆటలున్న పట్టిక. ఏ ఆట ఎప్పుడు, ఎవరు, ఏ భాషలో వేశారో అందులో దొరుకుతుంది. సభ్యులు 1 నుంచి 10 దాకా మార్కులు వేస్తారు. కొద్దిమంది పదికి పది వేసినంత మాత్రాన కొత్త ఆట పైకి ఎగబాకకుండా, ప్రతి ఆట లెక్కలోనూ కొన్ని సగటు ఓట్లు కలిపి వరుస కడతారు. ఓట్లు పెరిగే కొద్దీ ఆ కలుపుడు ఓట్ల ప్రభావం తగ్గుతుంది. మొదటి స్థానంలో ‘పోర్టో రికో’ ఏళ్ల తరబడి నిలిచింది. తర్వాత ‘ట్వైలైట్ స్ట్రగుల్’, ‘పాండెమిక్ లెగసీ’, ‘గ్లూమ్‌హేవెన్’, ‘బ్రాస్: బర్మింగ్‌హామ్’ వంటివి ఆ చోటికి వచ్చాయి. ఈ వరుస వేలమంది సేకర్తలకు కొనుగోలు జాబితా అయింది. పొడుగాటి, బరువైన ఆటలను ఇష్టపడేవారే ఎక్కువగా ఓటు వేస్తారు కాబట్టి కుటుంబంతో ఆడే ఆటలు ఇందులో కిందికి పోతాయి. దీన్ని మరిచి చదివితే పొరపడక తప్పదు.

తర్వాతి మార్పు గొంతుతో, ముఖంతో వచ్చింది. టామ్ వేసెల్ 2005లో ‘డైస్ టవర్’ శ్రవ్య కార్యక్రమం మొదలుపెట్టి, తర్వాత వీడియో సమీక్షల్లోకి వచ్చాడు. 2011లో బ్రిటన్‌లో మొదలైన ‘షటప్ అండ్ సిట్ డౌన్’ బృందం ఆట నియమాల జాబితా చదవడం మానేసి, ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారికి ఏమనిపిస్తుందో చెప్పడం మీద దృష్టి పెట్టింది. 2012లో నటుడు విల్ వీటన్ నడిపిన ‘టేబుల్‌టాప్’ వీడియోల్లో కనిపించిన ఆటలు దుకాణాల్లో ఖాళీ అయిపోయేవి.

కిక్‌స్టార్టర్ (2009) వంటి ముందస్తు చందాల పద్ధతి సమీక్షకు కొత్త చిక్కు తెచ్చింది. ఆట ఇంకా అచ్చు కాకముందే డబ్బు కట్టాలి. 2015లో ‘ఎక్స్‌ప్లోడింగ్ కిటెన్స్’కు రెండు లక్షలకు పైగా మంది 87 లక్షల డాలర్లకు మించి కట్టారు. 2020లో ‘ఫ్రాస్ట్‌హేవెన్’ 1 కోటి 29 లక్షల డాలర్లు సేకరించింది. చందా కట్టేవారి చేతికి ఆట రాకముందు వారికి దిక్కు నమూనా ప్రతిని చూసినవాళ్ల మాటలే. అటువంటి పరిచయాలకు కొందరు రుసుము తీసుకుంటారు. రుసుము తీసుకుని చేసిన పరిచయానికి సమీక్ష అని పేరు పెట్టడం తప్పు. తీసుకున్న సంగతి ముందే చెప్పడం ఈ రంగంలో కనీస మర్యాదగా స్థిరపడింది.

సమీక్షలు ఆటల ఇతివృత్తం మీద కూడా గట్టిగా మాట్లాడటం నేర్చుకున్నాయి. 2002లో వచ్చిన ‘పోర్టో రికో’లో ఓడల మీద వచ్చి తోటల్లో పనిచేసే గోధుమరంగు పావులను వలసదార్లు అన్నారు. అవి బానిసలే కదా అని విమర్శకులు పదేపదే ఎత్తిచూపారు. 2022లో వచ్చిన కొత్త ప్రతి కథను బానిసత్వం పోయిన తర్వాతి కాలానికి, 1897కు జరిపింది. ‘ఫైవ్ ట్రైబ్స్’ (2014)లోని బానిస కార్డులు తర్వాతి ముద్రణల్లో ఫకీరు కార్డులయ్యాయి. మన ప్రాంతానికి దగ్గరగా వచ్చే ఉదాహరణ కోల్ వెర్లే రూపొందించిన ‘జాన్ కంపెనీ’ (2017, రెండో ప్రతి 2022). ఆటగాళ్లు ఈస్టిండియా కంపెనీలో స్వలాభం చూసుకునే బ్రిటిష్ కుటుంబాలు. బోర్డు మీద బెంగాల్, మైసూరు, మద్రాసులతో పాటు హైదరాబాదు కూడా ఉంటుంది. దోపిడీని దాచకుండా, దాని యంత్రాంగాన్నే ఆటగా కట్టిన తీరు చాలామంది సమీక్షకుల మన్నన పొందింది.

సేకరణ తీరుతెన్నులు

సేకర్తల్లో ముఖ్యంగా రెండు తెగలున్నాయి. పాత అమెరికన్ ఆటల పెట్టెల మీది రంగు ముద్రణ కోసం సేకరించేవారు ఒక తెగ. 1985లో వారి సంఘం ఏర్పడింది. 1843 నాటి ‘మాన్షన్ ఆఫ్ హ్యాపీనెస్’, మిల్టన్ బ్రాడ్లీ 1860లో వేసిన ‘చెకర్డ్ గేమ్ ఆఫ్ లైఫ్’, మెక్‌లాఫ్లిన్ బ్రదర్స్ బొమ్మల పెట్టెలు వీరికి ప్రాణం. లైమన్ దంపతులు పోగుచేసిన ఇటువంటి 500కు పైగా ఆటలు న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీకి చేరాయి. రెండో తెగ ఆడటానికే సేకరిస్తుంది. వీరు కార్డులకు ప్లాస్టిక్ తొడుగులు వేస్తారు, పావులకు అరల పెట్టెలు చేయిస్తారు, కొని ఆడని ఆటల వరుసను చూసి సిగ్గుపడతారు.

ఏ ఆట విలువైనదో తేల్చేవి కొన్నే. ముద్రణ ఆగిపోయి ఉండాలి, ముక్కలన్నీ ఉండాలి, పెట్టె మూలలు చినగకూడదు. యుద్ధక్రీడల్లో అట్ట నుంచి ఊడదీయని పావులుంటే వెల పెరుగుతుంది. కాని ఈ విలువ నిలకడైనది కాదు. పునర్ముద్రణ వస్తే ఒక్కరోజులో పడిపోతుంది. పాత ఆటలను సరిదిద్ది తిరిగి వేయడానికే 2016లో రెస్టొరేషన్ గేమ్స్ వంటి సంస్థ మొదలైంది. పెట్టుబడిగా ఆటలు కొన్నవారికి ఇది నష్టం. ఆడాలనుకునేవారికి మాత్రం పండగే. ఈ వ్యాపకం ఎవరి కోసం ఉన్నదో తేల్చవలసి వస్తే రెండోవారి పక్షమే న్యాయం.

భారతదేశంలో

పచ్చీసు పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాకు పోయి ‘పార్చీసీ’గా పెట్టెలోకి ఎక్కింది. మన వైకుంఠపాళి ఇంగ్లండులో క్రమంగా పాపపుణ్యాలు వదిలేసుకుని ‘స్నేక్స్ అండ్ ల్యాడర్స్’ అయింది. ఇక్కడి ఆటల సేకరణ పాశ్చాత్య పద్ధతిలో సాగకపోవడానికి కారణం వస్తువులోనే ఉంది. అష్టాచెమ్మాకు గళ్లు సుద్దముక్కతో గీస్తారు, గవ్వలు లేకుంటే చింతపిక్కలు అరగదీస్తారు. పులిమేకకు రాతి అరుగు చాలు. వామనగుంటల పీట, పచ్చీసు గుడ్డ తప్పితే బీరువాలో దాచేందుకు పెట్టె అంటూ ఉండదు. కాబట్టి ఇక్కడ సేకరించవలసింది నియమాలను. ఊరూరికీ మారే పందేల లెక్క, చంపుడు పద్ధతి, పంటకెక్కే తీరు, అవి తెలిసిన పెద్దవాళ్లుండగానే రాసుకోవాలి. మైసూరులోని రాంసన్స్ కళా ప్రతిష్ఠాన సంప్రదాయ ఆటల ప్రదర్శనలు నిర్వహిస్తూ వచ్చింది. చెన్నైలో 2002లో మొదలైన ‘క్రీడా’ అనే సంస్థ పాత ఆటలను నియమాలతో సహా మళ్లీ తయారుచేసి అమ్ముతోంది.

కొత్త ఆటల విషయానికొస్తే, ఫన్‌స్కూల్ సంస్థ కటాన్ వంటివాటిని దేశంలోనే తయారుచేసి అందుబాటులోకి తెచ్చింది. లేకుంటే రవాణా ఖర్చు, సుంకం కలిసి పెట్టె వెల బాగా పెరిగిపోయేది. 2019లో ముంబయికి చెందిన జెయిన్ మెమన్ రూపొందించిన ఎన్నికల రాజకీయాల ఆట ‘శాసన్’ కిక్‌స్టార్టర్ ద్వారా విదేశీ సమీక్షకుల బల్లల మీదికి చేరింది.

దాచడానికి వీల్లేని ఆటలు

2011లో రాబ్ డేవియో రూపొందించిన ‘రిస్క్ లెగసీ’ సేకర్తలకు కొత్త ప్రశ్న వేసింది. ఆడుతూ బోర్డు మీద స్టిక్కర్లు అంటించాలి, పేర్లు రాయాలి, కొన్ని కార్డులు చించేయాలి. మూసి ఉన్న పొట్లాలు ఆట సాగే కొద్దీ తెరుస్తారు. 2015 నాటి ‘పాండెమిక్ లెగసీ’తో ఈ పద్ధతి లోకమంతా తెలిసింది. ఆడితే ప్రతి మారిపోతుంది, ఆడకుండా దాస్తే లోపల ఏముందో తెలియదు. సమీక్షకులకూ ఇరకాటమే. కథ ముందే చెప్పేస్తే పాఠకుడి ఆట చెడుతుంది. అందుకే ఈ ఆటల సమీక్షలు తొలి ఆటల వరకే చెప్పి ఆగుతాయి, లేదా రహస్యం బయటపడుతుందని ముందే హెచ్చరించి రాస్తారు.

2015 నాటి ‘ఎక్స్‌కామ్’, 2016లో వచ్చిన ‘మాన్షన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ రెండో ప్రతి వంటివి ఫోనులోని యాప్ లేకుండా నడవవు. ఆ యాప్‌ను నిలబెట్టడం ప్రచురణ సంస్థ చేతిలో ఉంటుంది గాని సేకర్త చేతిలో ఉండదు. భాండాగారాలు పెట్టెను, పావులను, నియమావళిని ఎంత జాగ్రత్తగా దాచినా, యాప్ ఆగిన రోజు నుంచి ఆ ఆట ఎలా నడిచేదో చెప్పగలిగేది అప్పట్లో ఆడి రాసినవారి సమీక్షలు, తీసిపెట్టిన వీడియోలు మాత్రమే.